నా డైరీలో లేని గడి

నా దగ్గర పందొమ్మిది శిక్షణ డైరీలు ఉన్నాయి. పదిహేడో ఏట మొదలుపెట్టి ముప్పై ఆరో ఏట పోటీలు మానేసేదాకా ఏడాదికొకటి చొప్పున రాసుకున్నవి అవి. ప్రతి పేజీలోనూ స్కేలు పెట్టి నిలువు గీతలు గీసి తేదీ, దూరం, సమయం, నిద్ర, పొద్దున లేవగానే నాడి వేగం అని గళ్లు కట్టుకునేదాన్ని. మొదటి ఏడు డైరీల్లో ఉండవలసిన ఒక గడి లేదు. ఎనిమిదో డైరీ సగం నుంచి అది ఎర్ర సిరాతో కనిపిస్తుంది. దూరపు పరుగులో నా అనుభవం చెప్పమని ఎవరైనా అడిగితే, పతకాల కంటే ముందు ఆ గడే నాకు గుర్తుకొస్తుంది. అది లేని ఏడేళ్లలో చేసిన పొరపాట్లను దిద్దుకోవడానికే తర్వాతి పన్నెండేళ్లలో చాలా భాగం ఖర్చయింది.

నేను మొదట 800, 1,500 మీటర్లు పరిగెత్తేదాన్ని. చివరి వంద మీటర్లలో వేగం పుంజుకోవడం నాకు చేతకాదని మొదటి రెండేళ్లలోనే తేలిపోయింది. అయితే అందరూ అలసిపోయిన తర్వాత కూడా అదే వేగంతో ఇంకా కొంతసేపు పరిగెత్తగలిగేదాన్ని. దాన్ని గమనించి కోచ్‌ గారు నన్ను 5,000 మీటర్లకు, అంటే ట్రాక్‌ మీద పన్నెండున్నర రౌండ్లకు మార్చారు. ఆ రోజుల్లో మైదానంలో తిరిగే పెద్దలు కొందరు, ఆడపిల్లలకు అంత దూరం మంచిది కాదని నా ఎదుటే అనేవారు. అది వాళ్ల సొంత తెలివి కాదని నాకు చాలా ఏళ్ల తర్వాత చదివితే గాని తెలియలేదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌ ఒలింపిక్స్‌లో మహిళలకు మొదటిసారి 800 మీటర్ల పోటీ పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాడ్‌కే 2 నిమిషాల 16.8 సెకన్లలో గెలిచి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. గీత దాటాక కొందరు అలసటతో కూలబడితే, దాన్ని పత్రికలు గోరంతలు కొండంతలుగా రాశాయి. ఆ రాతలను పట్టుకుని ఆ పోటీనే తీసేశారు. అది తిరిగి వచ్చింది 1960లో. 1,500 మీటర్లు 1972లోనూ, మారథాన్‌ 1984లోనూ, 10,000 మీటర్లు 1988లోనూ మహిళలకు దక్కాయి. నేను పరిగెత్తిన 5,000 మీటర్లయితే 1996 దాకా ఒలింపిక్స్‌లో మహిళలకు లేనేలేదు, మగవాళ్లు 1912 నుంచి పరిగెత్తుతున్నా. ఒక పరుగు తర్వాత కొందరు ఆయాసపడి కూర్చున్నందుకు ముప్పై రెండేళ్లు దాన్ని మూసిపెట్టడం ఇప్పటికీ నాకు మింగుడుపడని విషయం. గీత దాటాక నేల మీద పడుకోని మగ పరుగుగాణ్ణి నేను అరుదుగా చూశాను.

శిక్షణ గురించి కొంత వివరంగా చెప్పాలి. దూరపు పరుగు అంటే రోజూ ఒగర్చుకుంటూ పరిగెత్తడమని చాలామంది అనుకుంటారు, మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. వారంలో ఎనభై పాళ్లు నెమ్మదిగా, పక్కవాళ్లతో మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగే వేగంలో ఉండాలి. మిగిలిన ఇరవై పాళ్లలోనే కష్టమంతా. అందులో వారానికి ఒకరోజు ఇంటర్వెల్స్‌ ఉండేవి, వెయ్యి మీటర్లు ఆరుసార్లు, ఒక్కొక్కటి 3 నిమిషాల 20 సెకన్లలో, మధ్యలో రెండు నిమిషాల మెల్లని జాగింగ్‌తో. మరో రోజు టెంపో, అంటే ముప్పై నిమిషాలపాటు, నోట్లోంచి రెండు మూడు మాటలకు మించి రాని వేగంలో. వారం చివర రెండు గంటల లాంగ్‌ రన్‌. నా తప్పేమిటంటే నెమ్మదిగా వెళ్లవలసిన రోజుల్లో కూడా ముందున్న వాళ్లను అందుకోవాలనే పంతంతో వేగంగా వెళ్లేదాన్ని. దాని వల్ల కష్టపడవలసిన రోజు వచ్చేసరికి కాళ్లలో సత్తువ ఉండేది కాదు. ఆ డైరీలు ఇప్పుడు తిరగేస్తే ప్రతి పేజీలోనూ మధ్యరకం వేగాలే కనిపిస్తాయి. అవి విశ్రాంతికీ పనికిరావు, పోటీకీ పనికిరావు.

ఇరవై రెండో ఏట 10,000 మీటర్లకు వచ్చాను. ఇరవై అయిదు రౌండ్లలో మొదటి పది మనసు అక్కడ లేకుండానే గడిచిపోతాయి, చివరి అయిదు ఎలాగో అయిపోతాయి, నడుమనున్న పదే అసలు పరీక్ష. నా మొదటి సమయం 35 నిమిషాల 50 సెకన్లు. అప్పటికి నేను ఒక శిక్షణ బృందంలో చేరాను. అక్కడి కోచ్‌ పేరు, ఊరు చెప్పే ఉద్దేశం నాకు లేదు. ఆయన పనిమంతుడే. కాని ప్రతి సోమవారం పొద్దున మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టి బరువు తూచేవారు, ఆ అంకెను అందరికీ వినబడేలా చదివేవారు. అరకిలో పెరిగితే మాట్లాడేవారు కాదు. తగ్గితే భుజం తట్టేవారు. ఆ తట్టడం కోసం ఆదివారం రాత్రి భోజనం మానేసిన వాళ్లలో నేనూ ఒకదాన్ని. సోమవారం పొద్దున తూకం అయ్యేదాకా నీళ్లు కూడా తాగేదాన్ని కాదు. చెప్పులు విప్పి, చేతి గడియారం విప్పి, జడలోంచి పిన్నులు కూడా తీసి ఆ తూకపు పలక ఎక్కేదాన్ని, ఆ పిన్నుల బరువెంతని ఒక్కసారీ ఆలోచించలేదు.

ఒక ఏడాదిలో నాలుగు కిలోలు తగ్గాను. సమయాలు కూడా తగ్గాయి. 35:50 కాస్తా 34:40 అయింది, అంటే ఒక్కో రౌండు సుమారు 83 సెకన్లు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. తిండి తగ్గిస్తే వెంటనే దెబ్బ తగిలి ఉంటే ఎవరూ ఆ దారి పట్టరు. మొదటి కొన్ని నెలలు శరీరం అప్పు మీద బతుకుతుంది, ఆ అప్పు తెచ్చిపెట్టిన వేగాన్ని మనం మన కష్టఫలం అనుకుంటాం. ఆ ఏడాది నడుమ ఎక్కడో నా నెలసరి ఆగిపోయింది. నిజం చెప్పాలంటే సంతోషించాను. పోటీ రోజున వస్తుందేమోనన్న బెంగ లేదు, కడుపునొప్పి లేదు, సంచీలో పెట్టుకోవలసిన సామానూ ఒకటి తగ్గింది. తోటి అమ్మాయిలతో చెబితే, గట్టిగా శిక్షణ చేస్తున్నావన్నమాట, మాకూ అంతే అన్నారు. అది గర్వపడే విషయంగా మా మధ్య చెలామణి అయ్యేది. దాన్ని రాసుకోవడానికి డైరీలో గడి కూడా కట్టలేదు. లేని దాన్ని ఎలా రాస్తాం?

తొమ్మిది నెలలు గడిచాక ఎడమ కాలిలో, మోకాలికీ చీలమండకీ నడుమ ముందువైపు ఎముక మీద నొప్పి మొదలైంది. మొదటి వారాల్లో పరుగు మొదలుపెట్టగానే ఉండేది, పది నిమిషాలకు పోయేది. తర్వాత పోవడం మానేసింది. ఆ తర్వాత పరుగు ఆపాక కూడా ఉండేది. చివరికి రాత్రి పడుకున్నప్పుడు లోపల ఎవరో వేలితో మీటుతున్నట్టు అనిపించేది. కండరం నొప్పి అయితే చెయ్యంత మేర ఉంటుంది, ఎముక నొప్పిని ఒక్క వేలి కొనతో చూపించవచ్చు. ఈ తేడా అప్పుడు నాకు తెలియదు. ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు, రెండు వారాలు విశ్రాంతి తీసుకోమన్నారు. ఒత్తిడితో ఎముకలో వచ్చే సన్నని పగులు తొలి వారాల్లో ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడదని వాళ్లు నాకు చెప్పలేదు. నేను పది రోజులకే తిరిగి పరుగులోకి దిగాను. మూడో రోజున, వంపు తిరుగుతుండగా నొప్పి కాలిని నేలకు ఆననివ్వలేదు. ట్రాక్‌ లోపలి గడ్డి మీద కూర్చుని స్పైక్స్‌ విప్పుకున్నాను. ఎడమ బూటు లేసు ముడి విప్పడానికి వంగితే ఆ ఎముక మీద చొక్కా అంచు తగిలినా ప్రాణం పోయినంత పనైంది.

ఈసారి వెళ్లిన డాక్టరు గారు మధ్యవయసు మహిళ. కాలు చూడకముందే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "మీకు చివరిసారి నెలసరి ఎప్పుడు వచ్చింది?" నేను తడుముకున్నాను. నాకు శిక్షణ ఇచ్చిన వాళ్లు, వైద్యం చేసిన వాళ్లు, పోటీలకు తీసుకెళ్లిన వాళ్లు కలిపి అప్పటికి ఇరవై మంది ఉంటారు, ఒక్కరూ ఆ మాట అడిగి ఉండలేదు. ఎమ్మారైలో పగులు స్పష్టంగా కనిపించింది. డెక్సా అనే ఎముకల సాంద్రత పరీక్ష కూడా చేయించారు. నా వెన్నెముక సాంద్రత నా వయసు వాళ్లకు ఉండవలసిన దానికంటే బాగా తక్కువగా ఉంది. అప్పుడు ఆవిడ ఒక కాగితం మీద గీసి చెప్పారు. తినే శక్తిలోంచి పరుగుకు ఖర్చయ్యేది తీసేస్తే మిగిలినదే శరీరం మిగతా పనులన్నిటికీ ఆధారం. అది చాలకపోతే శరీరం ఒక్కొక్క దీపం ఆర్పుకుంటూ వస్తుంది. మొదట ఆరేది సంతానోత్పత్తి వ్యవస్థ. నెలసరి ఆగిందంటే దాన్ని నడిపే హార్మోన్‌ అయిన ఈస్ట్రోజెన్‌ పడిపోయిందని అర్థం. ఎముక రోజూ కొంత కరుగుతూ, కొంత కొత్తగా ఏర్పడుతూ ఉంటుంది. ఈస్ట్రోజెన్‌ తగ్గితే కరగడం ఎక్కువై, కట్టుకోవడం వెనకబడుతుంది. దాని మీద వారానికి నూటపాతిక కిలోమీటర్లు అడుగులు పడితే పగలక ఏమవుతుంది అన్నారు. అప్పట్లో దీన్ని మహిళా క్రీడాకారుల త్రయం అనేవారు: తిండి చాలకపోవడం, నెలసరి తప్పడం, ఎముక బలహీనపడడం. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్‌ కమిటీ దీన్ని ఇంకా విశాలంగా చూసి, మగవాళ్లకూ వర్తించేలా, గుండె, రోగనిరోధక శక్తి, మనఃస్థితి అన్నీ కలిసేలా, క్రీడల్లో శక్తి లోటు అనే అర్థంలో రెడ్‌-ఎస్‌ అని పేరు పెట్టింది.

నెలసరి తెప్పించే మాత్రలు ఇమ్మని అడిగాను. గర్భనిరోధక మాత్రలు వేసుకుంటే నెలనెలా రక్తస్రావం కనిపిస్తుంది గాని, అది మాత్ర ఆపినందుకు వచ్చేదే తప్ప శరీరం కోలుకున్నందుకు వచ్చేది కాదని, ఎముకకు దానివల్ల రక్షణ దొరకదని, పైగా అసలు సమస్య కనబడకుండా పోతుందని ఆవిడ వివరించారు. మందు ఒకటే, తినడం. పరుగు తగ్గించి తిండి పెంచడం. వినడానికి తేలికగానే ఉంటుంది. పళ్లెంలో అన్నీ పెట్టుకుని ముద్ద నోట్లోకి వెళ్లనప్పుడు, సోమవారం తూకం లేకపోయినా చెవిలో ఆ అంకె వినిపిస్తున్నప్పుడు, అది నేను చేసిన ఏ ఇంటర్వెల్స్‌ కంటే కూడా తేలిక కాలేదు.

పద్నాలుగు వారాలు నేల మీద పరిగెత్తలేదు. నడుముకు తేలే బెల్టు కట్టుకుని కొలనులో లోతు నీళ్లలో కాళ్లు ఆడిస్తూ పరిగెత్తినట్టు చేసేదాన్ని. ఎదురుగా గోడ మీద గడియారం ఉండేది. దాని సెకన్ల ముల్లు ఎంత నెమ్మదిగా నడుస్తుందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలిసి ఉండదు. అయిదు కిలోలు పెరిగాను. ఆ గడి డైరీలో కట్టింది అప్పుడే, డాక్టరు గారు చెప్పాక. దాదాపు అయిదు నెలలు అందులో ఒక్క గుర్తూ లేదు. ఒక గురువారం పొద్దున మొదటిసారి ఎర్ర సిరాతో చిన్న చుక్క పెట్టాను. ఏ పోటీలోనూ గీత దాటినప్పుడు ఏడవని నేను ఆ చుక్క పెట్టి ఏడ్చాను. తిరిగి పరుగు మొదలైంది నిమిషం పరుగు, నాలుగు నిమిషాల నడకతో. ఆ బృందానికి మళ్లీ వెళ్లలేదు. అక్కడి కోచ్‌కు ఉత్తరం రాశాను, జవాబు రాలేదు.

రక్తం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. తిరిగి పుంజుకుంటున్న ఏడాది, ఎముక బాగానే ఉన్నా, మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. హిమోగ్లోబిన్‌ మామూలుగానే ఉంది. ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్‌ చూస్తే అడుగంటింది. హిమోగ్లోబిన్‌ చేతిలో ఉన్న డబ్బయితే ఫెరిటిన్‌ నిల్వ ఉంచిన సొమ్ము. చేతిలో డబ్బు ఆడుతుండగానే నిల్వ ఖాళీ అయిపోవచ్చు. నెలసరిలోనూ, చెమటలోనూ, అరికాలు నేలకు కొట్టుకున్న ప్రతిసారీ నలిగే ఎర్ర రక్తకణాల రూపంలోనూ ఇనుము పోతూనే ఉంటుంది. కష్టమైన శిక్షణ తర్వాత కొన్ని గంటలు పేగు ఇనుమును సరిగా పీల్చుకోదు. అందుకే పొద్దున్నే, టీకీ కాఫీకీ దూరంగా, విటమిన్‌ సి ఉన్నదానితో కలిపి, రోజు విడిచి రోజు మాత్ర వేసుకోమన్నారు. మూడు నెలలు పట్టింది. పరీక్ష చేయించకుండా ఇనుము మాత్రలు మింగేవాళ్లను చూశాను, అదీ ప్రమాదమే, ఎక్కువైన ఇనుము కాలేయంలో పేరుకుంటుంది.

ఇరవై ఏడో ఏట మారథాన్‌లోకి దిగాను. నేను మొదటి డైరీ మొదలుపెట్టిన 2003లోనే లండన్‌లో పౌలా రాడ్‌క్లిఫ్‌ 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో మారథాన్‌ పరిగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ అంకెను ఆ డైరీ అట్ట లోపలివైపు రాసుకున్నాను. 2019లో షికాగోలో బ్రిజిడ్‌ కోస్గెయ్‌ 2:14:04తో దాన్ని దాటేదాకా పదహారేళ్లు అది చెక్కుచెదరలేదు. నా లెక్క అంత పెద్దది కాదు, 2 గంటల 40 నిమిషాల లోపల చేరితే చాలనుకున్నాను. ఆ లెక్క ప్రకారం కిలోమీటరు 3:47 చొప్పున పోవాలి. మొదటి సగం 1:19:30లో పోయాను, హాయిగా ఉంది. ఆ హాయిని నమ్మడమే పొరపాటు. కండరాల్లోనూ కాలేయంలోనూ నిల్వ ఉండే పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్‌ దాదాపు రెండు వేల కిలోకేలరీల చుట్టుపక్కల ఉంటుంది, దారిలో ఏమీ తీసుకోకపోతే అది ముప్పై, ముప్పై అయిదు కిలోమీటర్ల నడుమ అయిపోవస్తుంది. దారిలో శక్తి కోసం మింగే చక్కెర గుజ్జు పొట్లాలు, అంటే జెల్స్‌, తీసుకెళ్లాను గాని, వేగంగా పరిగెత్తుతూ వాటిని మింగడం శిక్షణలో అలవాటు చేసుకోలేదు. రెండోది కడుపులో తిప్పింది, మూడోది పారేశాను. ముప్పై మూడో కిలోమీటరు దగ్గర ఏదో ఒక్కసారిగా తెగిపోయినట్టయింది. కాళ్లు నొప్పి పుట్టలేదు, అవి నావి కానట్టు అయ్యాయి. కిలోమీటరు గుర్తులు దూరంగా జరిగిపోతున్నాయి. దాహం వేస్తోందా, చలి వేస్తోందా తెలియలేదు. రెండో సగానికి 1:27 పట్టింది, మొత్తం 2:46:30.

ఆ రోజు నేను ఎలా ఉన్నానో చూసినవాళ్లు, 1984 లాస్‌ ఏంజెలెస్‌లో గాబ్రియేలా ఆండర్సన్‌ షీస్‌ను గుర్తుచేశారు. మహిళలకు పెట్టిన మొదటి ఒలింపిక్‌ మారథాన్‌ అది. ఎండదెబ్బతో ఒక పక్కకు ఒరిగిపోతూ స్టేడియంలోకి వచ్చిన ఆమె చివరి రౌండుకు అయిదున్నర నిమిషాలకు పైగా తీసుకుని 37వ స్థానంలో గీత దాటింది. పట్టుదలకు పాఠంగా ఆ దృశ్యం అమ్మాయిలకు చూపిస్తుంటారు. ఆమె ధైర్యాన్ని తక్కువ చేయను. కాని ఆ పోటీలోంచి నేను చూపించేది గెలిచిన జోన్‌ బెనోయిట్‌ను. అమెరికా అర్హత పోటీకి పదిహేడు రోజుల ముందు ఆమెకు మోకాలి శస్త్రచికిత్స జరిగింది. ఒలింపిక్స్‌లో అయిదు కిలోమీటర్లు కూడా దాటకముందే, గుంపు మరీ నెమ్మదిగా ఉందని తనకు తోచి, అప్పటి ప్రపంచ చాంపియన్‌ గ్రేటె వైట్జ్‌ లాంటివాళ్లు వెనక ఉన్నారని తెలిసీ ఒంటరిగా ముందుకు వెళ్లిపోయింది. 2:24:52లో గెలిచింది. తన ఒంట్లో ఆ రోజు ఎంత ఉందో సరిగ్గా చదువుకోగలగడం, ఒరిగిపోతూ కూడా ఆగకపోవడం కంటే చాలా అరుదైన విద్య అని నా అభిప్రాయం.

తర్వాతి నాలుగేళ్లలో నేను చేసిందల్లా ఆ చదువే. ప్రతి లాంగ్‌ రన్‌లోనూ గంటకు అరవై గ్రాముల పిండిపదార్థం పడేలా జెల్స్‌ మింగి కడుపును అలవాటు చేశాను. నెమ్మది రోజుల్ని నిజంగా నెమ్మదిగా పరిగెత్తాను, పిల్లలు సైకిళ్ల మీద దాటిపోతున్నా పట్టించుకోలేదు. ఎర్ర గడిని నెలల తరబడి చూస్తే నాకు సంబంధించినంతవరకు నెలసరికి ముందు మూడు నాలుగు రోజులు వేడి ఎక్కువగా అనిపిస్తుందని, నిద్ర తక్కువగా ఉంటుందని తేలింది. ఆ రోజుల్లో టెంపోను ఒకటి రెండు రోజులు ముందుకో వెనక్కో జరిపేదాన్ని. ఇది అందరికీ ఒకేలా ఉండదు, నాతో పరిగెత్తిన ఒక అమ్మాయి తన ఉత్తమ సమయాలన్నీ సరిగ్గా ఆ రోజుల్లోనే సాధించింది. 2017లో, ముప్పై ఒకటో ఏట, 1:19:20, 1:19:05 సగాలతో 2:38:25కు చేరాను. ముప్పై అయిదో కిలోమీటరు దాటాక కూడా ఆకలి వేయడం నాకు బాగా గుర్తు. ఆకలి తెలియడమంటే ఒంట్లో ఇంకా సంగతి ఉందని అర్థం.

ఆ సమయం గురించి ఒక మాట దాచకుండా చెప్పాలి. అది ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి పరిగెత్తిన పోటీ. ఇద్దరు మగవాళ్లు నా వేగంతోనే వెళ్తుంటే ముప్పై కిలోమీటర్ల దాకా వాళ్ల వీపుల వెనక గాలి తగలకుండా పరిగెత్తాను. అందుకే ప్రపంచ రికార్డుల్లో మహిళలకు రెండు పద్దులు పెట్టారు, కలిసి పరిగెత్తే పోటీల్లోది ఒకటి, ఆడవాళ్లే పరిగెత్తే పోటీల్లోది మరొకటి. అదే ఏడాది లండన్‌లో మేరీ కీటనీ 2:17:01తో నెలకొల్పిన రికార్డు ఈ రెండో పద్దులోది. ఆడవాళ్లు మాత్రమే పరిగెత్తిన పోటీలో నా ఉత్తమ సమయం 2:41. ముప్పై నాలుగో ఏట కార్బన్‌ పలక ఉన్న ఎత్తు సోలు బూట్లతో 2:38:50 వచ్చింది. సోలు మందం 40 మిల్లీమీటర్లు మించకూడదని నియమం వచ్చింది గాని, ఆ హద్దు లోపలే ఆ బూట్లు ఎంత మిగిల్చిపెడతాయో నా పిక్కలకు తెలుసు. పాత పలుచని బూట్లతో పరిగెత్తిన 2:38:25నే నేను నా సమయంగా చెప్పుకుంటాను.

2:38 తర్వాత నన్ను డోపింగ్‌ పరీక్షల జాబితాలో చేర్చారు. రోజూ ఏ గంటలో ఎక్కడ ఉంటానో మూడు నెలలకొకసారి ముందుగానే తెలపాలి. ఏడాది లోపల మూడుసార్లు ఆ చోట దొరక్కపోతే, మందు వాడకపోయినా నిషేధమే. పోటీ తర్వాత పరీక్ష మరీ ఇబ్బంది. రెండున్నర గంటలు చెమట ఓడ్చిన ఒంట్లోంచి కనీసం 90 మిల్లీలీటర్ల మూత్రం, ఒక అధికారిణి ఎదురుగా నిలబడి చూస్తుండగా ఇవ్వాలి. ఒకసారి గంటా నలభై నిమిషాలు పట్టింది. ఆవిడ మర్యాదస్తురాలు, చూపు తిప్పుకోకూడదన్న నియమం వల్ల చూస్తూనే, మాటల్లో పెట్టాలని తన కూతురి చదువు సంగతులు చెప్పింది.

ముప్పై ఎనిమిదో ఏట, 2008 బీజింగ్‌లో, రుమేనియాకు చెందిన కాన్‌స్టాంటినా డిటా ఒలింపిక్‌ మారథాన్‌ గెలిచింది. మారథాన్‌లో వయసు అడ్డు కాదనడానికి ఆమెను తలుచుకుంటూ ఇంకో రెండేళ్లు లాగుదామనుకున్నాను. తొడ వెనక కండరం పిరుదు ఎముకకు అతికే చోట స్నాయువు ఒప్పుకోలేదు. పరిగెత్తినప్పటికంటే కుర్చీలో కూర్చున్నప్పుడు ఎక్కువ నొప్పి పెట్టే వింత జబ్బు అది. పందొమ్మిదో డైరీ సగం దగ్గర ఆగిపోయింది, ఆగుతున్నానని ఎవరికీ ప్రకటించలేదు.

ఇప్పుడు ఆరుగురు అమ్మాయిలు నా దగ్గర శిక్షణ తీసుకుంటున్నారు. తూకపు పలక లేదు. డైరీలో ఆ గడి నింపడం వాళ్ల ఇష్టం, నింపినా నాకు తప్ప ఎవరికీ చూపనక్కర్లేదు. పోయిన నెలలో, బాగా పుంజుకుంటున్న ఒక అమ్మాయి గడి వరసగా మూడో నెల ఖాళీగా కనిపించింది. ఆమె సమయాలు మాత్రం వారం వారం తగ్గుతున్నాయి. శనివారం సాయంత్రం పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే, "బాగానే ఉన్నాను మేడమ్‌, తేలిగ్గా ఉంది," అంది నవ్వుతూ. ఆ నవ్వు నాకు తెలిసినదే. మర్నాటి లాంగ్‌ రన్‌ కొట్టేశాను. సోమవారం డాక్టరు గారి దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్లాం.